భయం పోయిందన్న మనిషి, తెరవని కవర్లు: ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. ఊరు, వయసు, వ్యాపారం, ఇంట్లోవాళ్ళ వివరాలు కొన్ని మార్చాను. రాసింది వాళ్ళు చదివాకే బయటికి ఇస్తున్నాను. నేను క్లినికల్ సైకాలజిస్టును. ధ్యానం వైపు, సత్సంగం వైపు గట్టిగా మళ్ళినవాళ్ళు తమంతట తాము నా దగ్గరికి రావడం తక్కువ. వచ్చేది వాళ్ళ భార్యో, కొడుకో. ఇక్కడా మొదట ఫోన్ చేసింది భార్యే.

నేపథ్యం

ఆయనకి నలభై ఐదు దాటాయి. కోస్తాలో ఒక మోస్తరు పట్టణంలో ఎలక్ట్రికల్ సామాను దుకాణం. తండ్రి అప్పులు మిగిల్చి తొందరగా పోయారు. అప్పులవాళ్ళు గుమ్మం దగ్గరికొస్తే అమ్మ లోపల్నుంచి "ఇంట్లో ఎవరూ లేరని చెప్పు నాన్నా" అనేదట. ఆ మాట బయటికెళ్ళి చెప్పే పని ఈయనది. ఇంటర్ అవుతూనే కౌంటర్ వెనక కూర్చున్నారు. మళ్ళీ అక్కణ్ణుంచి లేచింది లేదు.

అన్నేళ్ళూ ఆయన్ని నడిపింది టెన్షనే. ఈఎంఐ ఐదో తారీఖునైతే అంతకు వారం ముందు నుంచే ఖాతాలో డబ్బుందో లేదో చూసుకునేవారు. షట్టరు దించి, తాళం లాగి చూసి, స్కూటర్ దాకా నడిచి, వెనక్కొచ్చి ఇంకోసారి లాగేవారు. ఆడిటరు అడక్కముందే బిల్లులు కట్టగట్టి పంపేవారు. ఊళ్ళో మంచి పేరు, ఇంట్లో కోపం, నలభైకే బీపీ మాత్ర. "ఆయన బండి చప్పుడు వినపడగానే టీవీ సౌండు తగ్గించేవాళ్ళం" అన్నారు ఆవిడ.

దగ్గరి స్నేహితుడొకరు గుండెపోటుతో పోయాక, ఊళ్ళో రమణ మహర్షి భక్తులు వారానికోసారి కలిసే చోటికి వెళ్ళడం మొదలుపెట్టారు. తర్వాత ఒక పది రోజుల మౌన ధ్యాన శిబిరానికి వెళ్ళొచ్చారు. ఇంటికొచ్చాక రెండు పూటలా కూర్చునేవారు. కొన్ని నెలలకి ఒక తెల్లవారుజామున డాబా మీద కూర్చుని ఉండగా ఏదో జరిగింది. దాన్ని ఆయన చెప్పిన తీరు ఇది: "లోపల ఎప్పుడూ ఒక మోటారు మోగుతూ ఉండేది మేడమ్. అది ఆగిపోయింది. ఆగాకే తెలిసింది, ఇన్నాళ్ళూ మోగుతోందని."

ఆ తర్వాత కొన్ని నెలలు ఆ ఇంటికి పండగే. కోపం పోయింది. కూతురు పక్కన కూర్చుని కబుర్లు చెప్పారు. నిద్ర బాగా పట్టేది. తాళం ఒక్కసారే వేసేవారు. ఇది భ్రమ అనో నటన అనో అనుకోవడానికి నాకు ఏ ఆధారమూ కనపడలేదు, ఇప్పటికీ కనపడదు.

వచ్చిన సమస్య

ఆ మోటారుతోనే ట్యాంకులోకి నీళ్ళెక్కేవి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు, ఆయనకీ తట్టలేదు.

ఏడాది తిరిగేసరికి ఇంటిని తనఖా పెట్టి తీసుకున్న వ్యాపార రుణానికి వాయిదాలు ఆగాయి. జీఎస్టీ రిటర్నులు వరసగా వేయలేదు. టర్మ్ ఇన్సూరెన్స్ ప్రీమియం తేదీ, ఆ మీదట ఇచ్చే గడువు రెండూ దాటి పాలసీ ల్యాప్స్ అయింది. బీపీ మాత్ర మానేశారు. ఖాతా పుస్తకంలో కొందరి బాకీలు అడ్డంగా కొట్టేశారు. అమ్మాయికి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ సమయానికి ఆదాయ ధ్రువపత్రం కావాలంటే "చూద్దాంలే అమ్మా" అన్నారు. ఆ పిల్లే మీసేవకి తిరిగి తెచ్చుకుంది. సర్టిఫికెట్ల పరిశీలనకి మేనమామను వెంటబెట్టుకుని వెళ్ళింది.

భార్య నాతో అన్నమాట: "ఆయనకి కోపం పోయింది, నాకంటే సంతోషించేవాళ్ళు ఎవరుంటారు? కానీ ఇల్లు పోతుందేమోనని నాకు అన్నం దిగడం లేదు. ఇది చెబితే, భయపడుతున్నది ఎవరో చూడు అంటారు."

ఆయన వచ్చింది ఆవిడ కోసమే. ఆ మాట మొదటే చెప్పేశారు. "నాకేం ఇబ్బంది లేదు మేడమ్. జరిగేది జరుగుతుంది. చేసేవాడు ఉంటే కదా!" గొంతులో ఎక్కడా విసురు లేదు. అతి మర్యాదగా, హాయిగా కూర్చున్నారు.

ముందుగా తేల్చుకోవలసినవి

ఇలాంటి మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు రెండు తొందరలు పొంచి ఉంటాయి. ఇదంతా జబ్బేనని అనెయ్యడం ఒకటి, ఇదంతా జ్ఞానమేనని దణ్ణం పెట్టెయ్యడం రెండోది. అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగనిర్ధారణ గ్రంథం నాలుగో కూర్పులో, 1994లో, మతపరమైన లేదా ఆధ్యాత్మిక సమస్య అనే విభాగం చేర్చింది. అది రుగ్మత కాదు, అయినా చికిత్సకుడు పట్టించుకోదగ్గ పరిస్థితి అన్నమాట. నాకు ఆ విభాగం ఒక గుర్తుగా పనికొస్తుంది. అయితే అక్కడికి చేరేముందు మిగతావన్నీ దాటాలి.

బాకీలు కొట్టేయడం చూసి మొదట మేనియా, అంటే అతి ఉత్సాహం పట్టే జబ్బు, ఉందేమోనని వెతికాను. నిద్ర తగ్గలేదు, మాట వేగం పెరగలేదు, కొత్త పథకాలు లేవు, దుబారా లేదు, తాను గొప్పవాణ్ణయ్యానన్న ధోరణి లేదు. కొట్టేసిన బాకీలు కూడా ఎప్పటికీ రానివే, ఎక్కువగా పేదవాళ్ళవి. గొంతులు వినపడటం, అనుమానాలు లేవు. డిప్రెషన్‌లో వచ్చే నిరాసక్తత అందామంటే, కాఫీ రుచి, మనవరాలి వరస పిల్లతో ఆట, పాత పాటలు, అన్నిటిలోనూ ఆనందం ఉంది. థైరాయిడ్ పరీక్ష చేయించాం, మామూలుగానే వచ్చింది.

ఒక్క మాట దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. "ఈ శరీరం ఉన్నా పోయినా ఒకటే" అన్నారు. సత్సంగంలో ఇది మామూలు మాట. నా గదిలో దాన్ని మామూలుగా తీసుకోకూడదు. చనిపోవాలనిపిస్తోందా, ఎప్పుడైనా ఆలోచించారా, ఏమైనా సిద్ధం చేసుకున్నారా అని సూటిగా అడిగాను. లేదన్నారు. భార్యను విడిగా అడిగాను. అలాంటి జాడ లేదు. అయినా బీపీ మాత్ర మానేయడం ఆ మాటకి ఆచరణలాగే ఉంది కాబట్టి అదే రోజు ఫిజీషియన్ దగ్గరికి పంపాను. బీపీ బాగా ఎక్కువగా ఉంది.

నాతో కలిసి పనిచేసే సైకియాట్రిస్టు కూడా చూశారు. ప్రస్తుతానికి మందు అక్కర్లేదని, వరసగా గమనిస్తూ ఉందామని ఇద్దరం అనుకున్నాం.

ఏది పనిచేయలేదు

నా దగ్గరికి రాకముందే ఇంట్లోవాళ్ళు తమ పద్ధతులన్నీ వాడేశారు. తల్లి జాతకం చూపించి శనికి తైలాభిషేకం చేయించింది. బావమరిది కూర్చోబెట్టి బెదిరించాడు: "బావా, బ్యాంకువాళ్ళు గేటుకి నోటీసు అంటిస్తే ఊళ్ళో తలెత్తుకోగలమా?" ఈయన నవ్వి, ముందు టిఫిన్ చెయ్యమన్నారు. బెదిరింపు అంటే ఆగిన మోటారును మళ్ళీ తిప్పాలని చూడటమే. ఆయనకి అది ఒక్కటే అక్కర్లేనిది.

నేను మొదలుపెట్టింది చాలా మామూలు చోట. పనుల జాబితా, ఫోన్‌లో రిమైండర్లు, ఎవరు ఏది చూడాలో పంపకం. ఖర్చు లేనిది, హాని లేనిది ముందు ప్రయత్నించాలన్నది నా పద్ధతి. ఫలితం సగం సగం వచ్చింది. చూడవలసింది ఆ సగాన్నే. మాత్ర డబ్బాను టూత్‌బ్రష్ పక్కన పెట్టించాం, రెండు వారాల్లో అలవాటైపోయింది. కరెంటు బిల్లు ఫోన్‌లో కట్టేశారు. గ్యాస్ బుక్ చేశారు. బ్యాంకు, జీఎస్టీ, ఇన్సూరెన్స్ మాత్రం అంగుళం కదల్లేదు. నిజంగా చేసేవాడే లేకపోతే మాత్ర వేసుకోవడం కూడా ఆగాలి. కదిలిన పనులకీ కదలని పనులకీ మధ్య ఏదో గీత ఉంది. కదలనివన్నీ పాతబడినవి, ఆలస్యమైనవి, అవతల ఎవరో ఒకరు ‘ఎందుకు కట్టలేదు’ అని అడిగేవి. అప్పటికి దీన్ని నోట్సులో రాసుకున్నానే గానీ ఆయనతో అనలేదు. ఇంకా తొందరనిపించింది.

మధ్యలో కర్మయోగం చర్చ కూడా జరిగింది. ఇంట్లోవాళ్ళు కోరారు, ఆయనకీ ఇష్టమే. జనకుడు రాజ్యమేలుతూనే జ్ఞాని కాలేదా అని అడిగితే ఆయన సమాధానం రెడీగా ఉంది: "జనకుడికి మంత్రులున్నారు మేడమ్. జీఎస్టీ వాళ్ళే వేసేవాళ్ళు." గదిలో అందరం నవ్వాం. శాస్త్రం దగ్గర ఆయన నాకంటే నాలుగు ఆకులు ఎక్కువే చదివారు. వాదనలో ఎవరు గెలిచినా వాయిదా కట్టడం జరగదు కాబట్టి ఆ దారి వదిలేశాం.

మూడోది, ధ్యానం సమయం తగ్గించి చూద్దామన్నారు సైకియాట్రిస్టు. అప్పటికి రోజుకి నాలుగైదు గంటలు కూర్చుంటున్నారు. నాకు సందేహమే. చాలామందికి సాధన ఒక్కటే పట్టుకొమ్మ, దాన్ని కదిపితే ఏం జరుగుతుందో చెప్పలేం. కానీ అంతసేపు కూర్చోవడం వల్ల దుకాణం తెరిచేసరికి పదకొండవుతోంది. సగానికి తగ్గించడానికి ఆయన వెంటనే ఒప్పుకున్నారు. వారం తిరగకముందే చిరాకు మొదలైంది. ఒక రాత్రి మూడింటికి గుండె దడతో లేచి కూర్చున్నారు. పనుల విషయంలో మార్పు సున్నా. ఆ దడ మాత్రం నాకు కొత్త సంగతి చెప్పింది. అనుభవం తెల్లవారుజామున ఒక్కసారి జరిగింది. ఆ తర్వాత మిగిలిన ప్రశాంతతను రోజూ గంటల తరబడి కూర్చుని నిలబెట్టుకుంటున్నారు. కూర్చోవడం తగ్గగానే అడుగున ఉన్నది పైకి వచ్చింది.

ఇది ఈయనకొక్కరికే వచ్చేది కాదు. బౌద్ధ ధ్యానం చేసే పాశ్చాత్య సాధకులను, వాళ్ళ గురువులను ఇంటర్వ్యూ చేసి అమెరికా పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, సాధన వల్ల ఎదురైన కష్టాల్లో చాలామంది చెప్పినవాటిలో భయం, ఆందోళన ఉన్నాయి. ధ్యానం చేస్తే భయం ఒకసారి పోయి మళ్ళీ రాదు అన్న లెక్క మన దగ్గర పుస్తకాల అట్టల మీద కనిపించినంత సులువుగా మనుషుల్లో కనిపించదు.

బిస్కెట్ల డబ్బా

ఆ తర్వాతి సారి ఆవిడ సంచిలో ఒక పాత బిస్కెట్ల డబ్బా తెచ్చారు. పూజగదిలో బీరువా మీద దొరికిందట. నిండా కవర్లు. కొన్ని మామూలువి, కొన్ని రిజిస్టర్డ్ పోస్టులో వచ్చినవి. ఒక్కటీ చించలేదు. కానీ పారేయలేదు కూడా. వచ్చిన వరసలో, అంచులు సమానంగా చూసి పేర్చి ఉన్నాయి.

అది చూశాక జాబితాలో కదలని పనుల సంగతి అర్థమైంది. భయం లేని మనిషికి కవరు చించడానికి ఇబ్బందేముంటుంది? లోపల ఏముందో పట్టనివాడు చించి పడేస్తాడు, లేదా చెత్తబుట్టలో వేస్తాడు. చించకుండా, పారేయకుండా, వరస తప్పకుండా దాచేవాడికి అందులో ఏముందో బాగా తెలుసు. డాబా మీద పోయిన భయం అబద్ధం కాదు. అయితే ఒక్క గదిని అది అలాగే వదిలేసి వెళ్ళింది. ఆ గదిలో అప్పులవాడు ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు, పిల్లాడు ‘ఇంట్లో ఎవరూ లేరు’ అంటున్నాడు. ‘చేసేవాడు లేడు’ అన్న మాట ఆ పాత మాటకి ఎంత దగ్గరగా ఉందో నాకు తట్టింది. దాన్ని మాత్రం ఆయనకి నేను చెప్పలేదు. కొంతకాలానికి ఆయనే అన్నారు.

సాధనను కష్టమైన విషయాలు తప్పించుకోవడానికి వాడటాన్ని అమెరికన్ సైకోథెరపిస్టు జాన్ వెల్‌వుడ్ 1980ల్లో స్పిరిచువల్ బైపాసింగ్ అన్నాడు. ఆ పేరు నాకు తెలుసు గానీ ఎదురుగా ఉన్న మనిషి మీద అతికించలేదు. అతికిస్తే ఆయనకి జరిగిందంతా తప్పించుకోవడమేనని నేను తీర్పు చెప్పినట్టవుతుంది. ఆ తీర్పు చెప్పడానికి నా దగ్గర కొలబద్ద లేదు.

కవరు తెరవమని కూడా అనలేదు. ఒకటి తీసి చేతిలో పెట్టుకోమన్నాను, అంతే. భయపెట్టేదాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొనేలా చేసే ఎక్స్‌పోజర్ పద్ధతిలో సాధారణంగా సున్నా నుంచి పది దాకా ఎంత భయమో అంకె అడుగుతాం. ఈయన్ని అడిగితే సున్నా అంటారు, అది నిజాయితీగానే అంటారు. అందుకే ఆయన శిబిరంలో నేర్చుకున్న పద్ధతిలోనే అడిగాను: ఒంట్లో ఎక్కడ ఏముంది, అది కదులుతోందా, ఆగి ఉందా? బొటనవేలు కవరు గమ్ము అంచు మీద అటూ ఇటూ తిరుగుతోంది. కాసేపటికి, "వేళ్ళు చల్లబడ్డాయి మేడమ్. ఇక్కడ" అని పొట్ట పైభాగం చూపించి, "ఏదో పట్టుకున్నట్టుంది" అన్నారు. దాన్ని ఏమీ చెయ్యకుండా చూడటం ఆయనకి వచ్చు. గంటల తరబడి చేసిన పనే. అది మెల్లగా మారింది. తర్వాత తనంతట తానే చించారు. లోపల దుకాణానికి బీమా చేయించుకోమని ఏదో కంపెనీ ప్రకటన!

ఆ డబ్బాలో సగం అలాంటివే. ఒకదాంట్లో ఒక కాంట్రాక్టరు పంపిన చెక్కు ఉంది. చెక్కు చెల్లేది దాని మీది తేదీ నుంచి 3 నెలలే కదా, అది ఎప్పుడో దాటిపోయింది. తనకి రావలసిన డబ్బు కూడా ఆ డబ్బాలోనే పడి మురిగిందని చూసినప్పుడు ఆయన ముఖంలో మొదటిసారి చిన్న కోపం కనిపించింది. నాకు ధైర్యం వచ్చింది.

కూతురు

పనిని ముందుకు నెట్టింది నిజానికి డబ్బా ఒక్కటే కాదు. ఒకసారి అమ్మాయి తల్లితో వచ్చింది. బయట బెంచీ మీద కూర్చుని తండ్రి ఫైలు తిరగేస్తోంది. పక్కన చిన్న నోటుబుక్. అందులో ఏ బిల్లు ఎప్పుడు, ఏ వాయిదా ఎంత అని నీట్‌గా గీతలు గీసి రాసుకుంది. రాత్రి గేటు తాళం రెండుసార్లు చూసొస్తుందని, ఒక్కోరోజు మళ్ళీ లేచి చూస్తుందని తల్లి చెప్పారు. అదే చూపు, అదే తాళం, వయసు పద్దెనిమిది.

ఇంట్లోంచి భయం ఎక్కడికీ పోలేదు, చేతులు మారింది.

ఈ మాట ఆయనతో ఎలా అనాలన్నది నాకు ఆ కేసు మొత్తంలో కష్టమైన నిర్ణయం. తప్పు మోపినట్టుంటే ఆయన ప్రశాంతతలోకి వెళ్ళిపోతారు. చెప్పకపోతే ఆ పిల్లకి అన్యాయం. అందుకే వ్యాఖ్యానం లేకుండా, అమ్మాయి ఒప్పుకున్నాక, ఆ నోటుబుక్కు ఆయన ముందు పెట్టాను. పేజీలు తిప్పుతూ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "దీని చేతిరాత నాలాగే ఉంది" అన్నారు. బావమరిది బెదిరింపులకి చెక్కుచెదరని మనిషికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మోటారు అవసరం లేని కారణం ఒకటి ఆ రోజు దొరికిందనుకుంటాను. బ్యాంకు ఏం చేస్తుందోనని కాకుండా, పిల్ల నిద్రపోవాలని పని చేయడం.

ఏది పనిచేసింది

పొద్దున కూర్చోవడం ఒక గంటకి కుదించి, వెంటనే దాని పక్కనే ఇంకో గంట పెట్టాం. దానికి ఆయనే కాగితాల గంట అని పేరు పెట్టారు. ధ్యానం నుంచి లేచి కాఫీ తాగి భోజనాల బల్ల దగ్గర కూర్చోవాలి. మొదటి రోజుల్లో చేయవలసింది మూడే: కవరు తెరవడం, మీద తేదీ రాయడం, కుప్పల్లో పెట్టడం. ఆ గంటలో నిర్ణయాలేవీ తీసుకోకూడదని కట్టుబాటు. నిర్ణయం ఊసెత్తగానే ఆయన ‘జరిగేది జరుగుతుంది’ దగ్గరికి జారిపోతారు, అందుకని. భార్య పక్కన ఉండొచ్చు గానీ ‘చూశారా, నేను అప్పుడే చెప్పాను’ అనకూడదు. ఈ షరతు ఆవిడకి చాలా కష్టమైంది. ఆ కష్టం గురించి ఆవిడతో విడిగా మాట్లాడాల్సి వచ్చింది.

డబ్బా అడుగున బ్యాంకు నోటీసు ఉంది. వాయిదా 90 రోజులకి పైగా ఆగితే బ్యాంకు ఆ ఖాతాను మొండి బాకీ కింద వేస్తుంది. తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం 13(2) సెక్షన్ కింద నోటీసిస్తుంది. 60 రోజుల్లో కట్టకపోతే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే దారి తెరుచుకుంటుంది. అందులో చాలా రోజులు అప్పటికే గడిచిపోయాయి. ఇక్కడ నేను సైకాలజీని పక్కన పెట్టాను. నిజంగా ఇల్లు పోయే పరిస్థితిలో ‘ఆ భావాన్ని గమనించండి’ అనడం బాధ్యత కాదు. మర్నాడే లాయరు దగ్గరికి, ఆడిటరు దగ్గరికి వెళ్ళమన్నాను, బావమరిదిని తోడు పంపాం. నోటీసుకి రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వొచ్చని, దానికి బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలని లాయరు చెప్పారు. ఊరి బయట ఉన్న స్థలం ఒకటి అమ్మి బకాయి వాయిదాలు వడ్డీతో సహా కట్టారు. ఆరు నెలలు వరసగా రిటర్నులు వేయకపోతే జీఎస్టీ రిజిస్ట్రేషనే రద్దు చేయొచ్చు. ఆ నోటీసూ డబ్బాలోనే ఉంది. లేటు ఫీజు, 18 శాతం వడ్డీతో ఆడిటరు అన్నీ వేయించారు.

బ్యాంకులో సంతకాలు పెట్టిన రాత్రి అసలు భయం వచ్చింది. తెల్లారి ఫోన్ చేసి, "అంతా పోయింది మేడమ్. పాత మోటారు మళ్ళీ మొదలైంది. డాబా మీద జరిగింది కూడా అబద్ధమేనేమో" అన్నారు. మనిషి కుంగిపోయారు. ఇల్లు నిలబడిన రోజునే ఆయన తన జీవితంలో అతి విలువైనది పోగొట్టుకున్నాననుకున్నారు. ఇన్నాళ్ళూ కవర్లు తెరవకపోవడానికి అసలు కారణం అప్పుడు పూర్తిగా కనిపించింది. నోటీసులో ఏముందోనన్న భయం ఒక పాలు. తెరిస్తే భయం వేస్తుందేమో, వేస్తే తనకి జరిగింది నిజం కాదని తేలిపోతుందేమో అన్న భయం మూడు పాళ్ళు.

అది నిజమా కాదా అన్న ప్రశ్నకి నేను జవాబు చెప్పలేదు. ఆయన గురువుగా కొలిచే రమణ మహర్షికి మొదట ఏం జరిగిందో మళ్ళీ ఒకసారి చెప్పమన్నాను. వందసార్లు చెప్పిన కథే. 1896 జూలైలో, మదురైలో, పదహారేళ్ళ కుర్రాడు మేడగదిలో ఒంటరిగా ఉన్నాడు, ఒంట్లో జబ్బేమీ లేదు, ఉన్నట్టుండి మరణభయం పట్టుకుంది… అక్కడ ఆగిపోయారు. అక్కడికి మించి నేనేమీ అనక్కర్లేకపోయింది. భయం రావడం ఆ కథలో పతనం కాదు, కథ మొదలయ్యేదే దానితో.

రెండో సాయం సత్సంగం పెద్దాయన నుంచి వచ్చింది. రిటైరైన టీచరు. ఆయన్ని కలవడానికి క్లయింటు అనుమతి ముందే తీసుకున్నాను. సాధకుడికి నా మాట కన్నా ఆ గొంతు బాగా వినపడుతుంది. అలాంటివాళ్ళు ‘బ్యాంకు మిథ్య’ అంటే మాత్రం నా పని అయిపోయినట్టే, కాబట్టి ఆ కలయికలో రిస్కు ఉంది. ముందు పెద్దాయన ఒక్కరితో మాట్లాడి ఆయన ధోరణి తెలుసుకున్నాకే ముగ్గురం కూర్చున్నాం. పెద్దాయన సుత్తి లేకుండా చెప్పారు: భగవాన్ ఆశ్రమం వంటింట్లో కూరగాయలు తరిగారు, 1938లో ఆశ్రమ నిర్వహణ కోసం వీలునామా రిజిస్టరు చేయించారు. "వీలునామా రాయడానికి ఆయనకి అడ్డురానిది, నీకు రిటర్ను వెయ్యడానికి అడ్డొచ్చిందా? పొద్దున కాగితాల పని చూసుకుని, సాయంత్రం ఇక్కడికి రా నాయనా." ఈయన తల దించుకుని నవ్వారు. తర్వాత కొన్నాళ్ళకి ఇన్సూరెన్స్ పాలసీ పునరుద్ధరణకి ఆరోగ్య పరీక్షలు చేయించుకోవడానికి తనే అపాయింట్‌మెంట్ తీసుకున్నారు.

అమ్మాయి నోటుబుక్ ఆయన తన దగ్గర పెట్టుకున్నారు. "ఇది నా పనమ్మా, ఇటిచ్చెయ్" అన్నారట. ఆ పిల్ల వెంటనే ఇవ్వలేదు, కొన్నాళ్ళు ఫోన్‌లో ఫోటోలు తీసి దాచుకుంది. నమ్మకం తండ్రి కోరినప్పుడల్లా వచ్చేది కాదు, వాయిదాలు కొన్ని వరసగా కట్టడం చూశాక వచ్చింది. అమ్మాయికి విడిగా వేరే థెరపిస్టును చూపించాం. తండ్రి బాగుపడితే పిల్ల దానంతటదే బాగుపడుతుందని వదిలేయడం సరికాదనిపించింది.

ఎక్కడిదాకా వచ్చింది

అన్నీ చక్కబడ్డాయని రాయలేను. కాగితాల గంట నడుస్తోంది, ఆదివారం సెలవు. వసూళ్ళలో మెతకదనం అలాగే ఉంది. బాకీ అడగడానికి బావమరిదినే పంపుతారు. వ్యాపారం పెంచే ఉద్దేశం లేదంటారు. ఆ విషయంలో భార్యకి అసంతృప్తి ఉంది, అది చికిత్సతో తీరేది కాదని ఇద్దరికీ చెప్పాను. అది ఇద్దరు మనుషుల మధ్య అభిప్రాయ భేదం. కోపం మాత్రం తిరిగి రాలేదు. భయం అప్పుడప్పుడు వస్తుంది, కవరు చేతిలో ఉండగానే వచ్చి పోతుంది. తాళం ఒక్కసారే వేస్తున్నారు.

ఇలాంటి కేసుల్లో ఇప్పుడు నేను మొదటి ఇంటర్వ్యూలోనే రెండు ప్రశ్నలు చేర్చాను. మీరు తెరవని కవర్లు, ఎత్తని ఫోన్లు, చూడని ఖాతాలు ఏవైనా ఉన్నాయా? మీరు వదిలేసిన పనుల్ని ఇంట్లో ఎవరు చేస్తున్నారు, వాళ్ళకి నిద్ర పడుతోందా? రెండోదాన్ని ఇంట్లోవాళ్ళనే విడిగా అడగాలి.

ఈ పద్ధతి అందరికీ వాడకూడదు. నిద్ర బాగా తగ్గి, మాట ఆగకుండా సాగుతూ, ఉన్నదంతా పంచేస్తున్న మనిషి మీ ఎదురుగా ఉంటే కవర్ల దగ్గర మొదలుపెట్టకండి. ముందు సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి, కుటుంబంతో మాట్లాడి పెద్ద లావాదేవీలు ఆపించాలి. తన చేతులు తనవి కానట్టు, లోకం అద్దం అవతల ఉన్నట్టు అనిపిస్తోందని బాధపడేవాళ్ళకి ఒంట్లో భావాల్ని గమనించమనడం కొన్నిసార్లు ఇంకా ఎక్కువ చేస్తుంది. వాళ్ళతో నడక, తోటపని, మనుషుల మధ్య ఉండటం ముందు. ఈయన విషయంలో గమనించే నేర్పు అప్పటికే చేతిలో ఉంది, ధ్యానం పేరుతో సంపాదించుకున్నదే. దాన్ని బీరువా మీది డబ్బా దాకా తీసుకెళ్ళడమే మేం చేసిన పని.